మహారాజశ్రీ ఓసీ (ఓపెన్‌కాస్టు బొగ్గు గని) కుంట గారికి

అయ్యా,

మా బర్రెల తరఫున, వాటి వెనక కట్టె పట్టుకుని నడిచే మా నాయన తరఫున రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. తమరు క్షేమం కాదని నిన్న సాయంత్రం నాలుగింటికి తెలిసింది.

అది తెలుసుకోవడానికి నేను పొద్దున పదకొండింటికే గని ఆఫీసుకెళ్లాను. సారు మీటింగులో ఉన్నారు. మీటింగయ్యాక భోజనానికెళ్లారు, భోజనమయ్యాక ఫీల్డుకెళ్లారు. ఫీల్డంటే తమరి గట్టే. బర్రెలతో అక్కడే ఉండిపోయినా దర్శనం దొరికేది.

"ఆ కుంటనా? అది టెంపరరీ. గని మూసేటప్పుడు పూడ్చేస్తం" అన్నారు సారు, తిరిగొచ్చాక.

పద్నాలుగేళ్ల టెంపరరీ! నాతో చదివినోడొకడు అదే ఆఫీసులో కాంట్రాక్టు మీద పన్నెండేళ్లుగా టెంపరరీ. మీరిద్దరూ ఓసారి కలిసి కూర్చోవాలి.

సరే, టెంపరరీని మింగేశాను. మింగుడుపడనిది ఆ తర్వాతి మాట. "ప్లాన్ల పూర్వస్థితి అని ఉంది. భూమి మునుపు ఎట్లుండెనో అట్ల చెయ్యాలె."

"మునుపు కుంటనే ఉండె సార్."

సారు కాగితాలు సర్దుకున్నారు.

అయ్యా, తమరికి తెలియదు, తమరు తర్వాత పుట్టారు. ఓసీ రాకముందు అక్కడ మా ఊరి కుంట ఉండేది. పాత పహాణీలో ఆ సర్వే నంబరు ఎదురుగా 'శిఖం', అంటే చెరువు కుంటల భూమి, అని ఇప్పటికీ రాసి ఉంది. దాని మీద మట్టిగుట్ట పోశారు. ఆ గుట్ట మీద కురిసిన వాన మట్టిని వాగులోకి ఈడ్చుకుపోకుండా ఆపడానికి గుట్ట కింద తమరిని తవ్వారు. అంటే మా కుంటను పూడ్చిన మట్టిని కడుక్కోవడానికి తమరు. ఇప్పుడు తమరిని కూడా పూడిస్తే పూర్వస్థితి వచ్చేస్తుందట. ఎవరి పూర్వం? ఏ స్థితి? కుంటను కుంటగా ఉంచడం కన్నా పూర్వస్థితి ఇంకేముంటుందో నాలుగింటి నుంచి ఆలోచిస్తున్నాను, రాత్రి అన్నం కూడా సయించలేదు. గనిలో నీళ్లు తోడీ తోడీ చుట్టుపక్కల బావులు అడుగంటాయి. మరి బావులకు పూర్వస్థితి ఏ పేజీలో ఉంది సారూ? మా ఊరి చింతతోపుకి? ఆ పేజీలు చెదలు తిన్నాయా?

ఇదే రాష్ట్రంలో 2015లో మిషన్ కాకతీయ అని మొదలుపెట్టి, 46 వేల పైచిలుకు చెరువులూ కుంటలలో పూడిక తీస్తామన్నారు. ఒక చేత్తో కుంటలో మట్టి తీస్తారు, ఇంకో చేత్తో కుంటలో మట్టి పోస్తారు. రెండూ బిల్లవుతాయి. మూసివేత ఖర్చుకని ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల లెక్కన విడిగా ఖాతాలో వేస్తూ రావాలని 2009లోనే బొగ్గు మంత్రిత్వ శాఖ చెప్పింది, తర్వాత పెంచింది కూడా. తమరిని చంపడానికి పైసలున్నాయి గానీ బతికించడానికి లేవట.

అలాగని తమరేం సుద్దపూస కాదు. రెండేళ్ల కిందట మా చూలి బర్రె తమరి నిట్టనిలువు గట్టు జారి బురదలో పీకల్లోతు దిగబడితే, ఎనిమిది మందిమి తాళ్లేసి లాగాం. వానాకాలంలో తమరి నీళ్లు పాలు ఎక్కువైన చాయ రంగులో ఉంటాయి. వాగులోకి వదిలే నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మట్టి ఉండొద్దన్నది రూలు. దాన్ని వాగు దగ్గర కొలుస్తారు, బర్రె మూతి దగ్గర ఎవరు కొలిచారు? గనిలో వాడే పేలుడు మందు మిగిల్చే నైట్రేటు ఎక్కువైతే పశువుకు విషమే. సారు కనీసం ఈ మాటన్నా నేను నోరు మూసుకునేవాణ్ని. అనలేదు, పూర్వస్థితి అన్నారు.

ఇంతకీ నేను అడిగిందెంత? ఒక పక్క గట్టును వాలుగా కొట్టండి, పశువు దిగి ఎక్కడానికి. గట్టు తెగకుండా గట్టి మత్తడి కట్టండి. పూడికను పూర్తిగా తీసెయ్యండి. ఏడాదికోసారి నీళ్లు పరీక్ష చేసి ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించండి. అమెరికాలో 1977 నాటి చట్టం కింద బొగ్గు గనుల దగ్గరి ఇలాంటి కుంటల్ని, నీళ్లు పనికొచ్చేవై, గట్టు నిలిచేదై, దిగే దారి క్షేమంగా ఉంటే అనుమతితో శాశ్వతంగా ఉంచుకోవచ్చు. అక్కడి ఆవులకు సాధ్యమైంది మా బర్రెలకు ఎందుకు కాదన్నాను. "అప్లికేషన్ ఇచ్చిపో" అన్నారు.

ఇచ్చాను. గుండ్రటి ముద్ర వేశారు, తేదీ తప్పు పడింది.

నాయనకు ఇంకా చెప్పలేదు. పాత కుంట పోయిన ఏడాది, ఎండ నడినెత్తికి రాగానే మా బర్రెలు వాటంతటవే నడిచెళ్లి ఆ మట్టిగుట్ట ముందు నిలబడేవి. నెల రోజులు. నాయన వాటిని కొట్టలేదు, తిప్పలేదు, పక్కనే నిలబడేవాడు. ఇప్పుడు తమరి దగ్గర నీళ్లు తాగేవి వాటి దూడలు.

ఇట్లు,
తమరి బురదలో రెండు చెప్పులు పోగొట్టుకున్నవాడు

తా.క.: తమరి గట్టు మీద, రాళ్ల మధ్య, తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. తమరు టెంపరరీ అని దానికి నేను చెప్పలేదు. తమరూ చెప్పకండి.