ఫెరాంటే గారిది ఏ జిల్లా?

ఈమధ్య మన సాహితీ మిత్రుల చేతుల్లో ఇటాలియన్ నవలలు బాగా కనిపిస్తున్నాయి, ఇంగ్లీష్ అనువాదాలే లెండి, కోఠి సందుల్లో దారి తప్పేవాళ్ళు కూడా ఇటలీలోని నేపుల్స్ గల్లీల గురించి గంటసేపు మాట్లాడేస్తున్నారు, సంతోషమే. కానీ అసలు విషయం ఎవ్వరూ అడగట్లేదు. అందరూ నెత్తిన పెట్టుకుంటున్న ఈ ఎలెనా ఫెరాంటే ఎవరండీ? ఎవరి అమ్మాయి? ఏ ఊరు? ఆ పేరు కూడా కలం పేరేనట! మొదటి నవల 1992లో వచ్చింది, ఇప్పటిదాకా ఒక్క ఫోటో లేదు, ఒక్క సభకి రాలేదు. పుస్తకం రాకముందే 1991లో పబ్లిషర్‌కి ఉత్తరం రాసేసిందట, రాయడం అయిపోయాక పుస్తకానికి రచయితతో పనిలేదు, ప్రచారానికి నేను రాను అని.

ఇది తెలుగు పాఠకుడి హక్కుల మీద దాడి అని నేను సవినయంగా మనవి చేస్తున్నా. మనం పుస్తకం ఎలా చదువుతాం? ముందు వెనక అట్ట చూస్తాం, ఫోటో చూస్తాం, ఇంటిపేరు చూస్తాం, జిల్లా చూస్తాం, ముందుమాటలు ఎవరెవరు రాశారో చూస్తాం, అప్పటికీ ఆ ఒక్క విషయం తేలకపోతే తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి మెల్లగా "మనవాళ్ళేనా" అని కనుక్కుంటాం. అప్పుడు గానీ పుస్తకం గొప్పదో కాదో తేలదు. లోపల చదవడం అనేది తర్వాతి సంగతి, కుదిరితే.

ఇంకా బాధేంటంటే ఆవిడకి ఈ పద్ధతి తెలియక కాదు. ఆవిడ నాలుగు వాల్యూముల నవలలో మొదటిది, మై బ్రిలియంట్ ఫ్రెండ్ తెరవండి, మొదట్లోనే పాత్రల పట్టిక. చెప్పులు కుట్టే చెరుల్లో వాళ్ళు, వడ్రంగి పెలూసో వాళ్ళు, కూరగాయలమ్మే స్కాన్నో వాళ్ళు, బారూ స్వీట్ షాపూ ఉన్న సొలారా వాళ్ళు, మున్సిపల్ ఆఫీసు బంట్రోతు గ్రేకో వాళ్ళు, పిల్లల పేర్లతో సహా. సంబంధం మాట్లాడుకోడానికి ఇంకేం కావాలి? రైల్వేలో ఉద్యోగం చేస్తూ కవిత్వం రాసే సర్రాతోరే గారు కూడా ఉన్నారు, ఆయనకో కవితా సంపుటి కూడా అచ్చయింది, ఈ టైపు మనకి బాగా తెలుసు. అంటే వీధి వీధంతటికీ ఇంటిపేరూ వృత్తీ రాసిపెట్టిన మనిషి తనది మాత్రం దాచేసింది!

పోనీ యాసని బట్టి జిల్లా పట్టేద్దామా అంటే, ఆ దారీ మూసేసింది. ఎవరికైనా కోపం వస్తే "యాసలో అరిచాడు" అంటుంది అంతే, ఆ అరుపు మాత్రం మామూలు ఇటాలియన్‌లోనే ఉంటుందట, ఇక అది ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి మన చేతికి ఏం మిగుల్తుంది.

2016లో ఒక ఇటాలియన్ జర్నలిస్టు ధైర్యం చేశాడు. పబ్లిషర్ ఎవరికి ఎంత డబ్బు ఇచ్చాడో, ఆ డబ్బుతో రోమ్‌లో ఎవరు ఫ్లాట్లు కొన్నారో రిజిస్ట్రేషన్ కాగితాలు తీయించి, ఫెరాంటే అంటే ఈవిడే అని రోమ్‌లో ఉండే ఒక అనువాదకురాలి పేరు బయటపెట్టాడు. ప్రపంచమంతా ఆయన్ని తిట్టింది, ప్రైవసీ ఏంటి పాడేంటి అని. నేను మాత్రం ఆయన పక్షమే. ఈసీ తీయించకుండా వంద గజాలు కొనం, నాలుగు వాల్యూముల నవల ఎలా కొంటామండీ?

తర్వాత 2017లో పాడువా యూనివర్సిటీ వాళ్ళు 40 మంది రచయితల 150 నవలలు కంప్యూటర్‌లో వేసి శైలి పోల్చారు. డొమెనికో స్టార్నోనే అనే మగ రచయిత ఫెరాంటేకి దగ్గరగా తేలాడు, ఆయన నేను కాదు బాబోయ్ అంటూనే ఉన్నాడు. ఈ వార్త మనోళ్లలో కొందరికి ప్రాణం లేచొచ్చినట్టు ఉంది, ఇద్దరు ఆడపిల్లల స్నేహం గురించి ఇంత బాగా రాసింది మగాడే అయ్యుంటాడని వాళ్ళకి ముందే తెలుసట.

ఆ స్టార్నోనేని ఇంగ్లీష్‌లోకి తెచ్చింది జుంపా లాహిరి. హమ్మయ్య, బెంగాలీ అమ్మాయి, వివరాలన్నీ దొరుకుతాయి అనుకునేలోపు ఆవిడ రోమ్ వెళ్ళి ఇటాలియన్‌లోనే నవల రాసి తనే ఇంగ్లీష్ చేసుకుంది, ఇప్పుడు ఏ లిస్టులో వెయ్యాలో తెలీదు. విన్‌చెంజో లాత్రోనికో అనే ఇటాలియన్ రచయిత ఇంకో రకం, ఆయన ఫోటో ఉంది, ఊరుంది, కానీ పర్ఫెక్షన్ అనే నవలలో బెర్లిన్‌లో ఉండే ఆ జంటది ఏ దేశమో చెప్పడు, వాళ్ళ ఫ్లాట్‌లో చిల్లుల ఆకుల మొక్క ఎలా ఉందో మాత్రం చక్కగా చెప్తాడు. 2025లో ఇంటర్నేషనల్ బుకర్ షార్ట్‌లిస్ట్ దాకా వెళ్ళి బాను ముష్తాక్ గారి కన్నడ కథల ముందు ఓడిపోయింది, కన్నడ అనగానే మనకి వెంటనే అన్నీ అర్థమైపోయాయి, ఆ కథలు తెరవాల్సిన పని కూడా పడలేదు.

ఏదేమైనా మా సంస్థ తరపున ఫెరాంటే గారి మీద పరిచయ సభ పెడుతున్నాం, ఎనిమిది మంది వక్తలు, అందులో చదివినవాళ్ళు ఇద్దరు. ఫ్లెక్సీ అతను ఫోటో పంపమంటున్నాడు. ఫెరాంటేని ఇంగ్లీష్‌లోకి తెచ్చిన ఆన్ గోల్డ్‌స్టీన్ గారి ఫోటో దొరుకుతోంది గానీ అది పెడితే శాలువా ఎవరికి కప్పాలనే గొడవ వస్తుంది, అధ్యక్షుల వారు తన ఫోటో పెద్దది వేసి కింద ఫెరాంటే అని రాస్తే చాలంటున్నారు, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం.