నా పిచ్చి పనులపై శ్వేతపత్రం

ప్రభుత్వాలు ఇరుకున పడ్డప్పుడు శ్వేతపత్రాలు విడుదల చేస్తాయి. మా ఇల్లు కూడా ఒక చిన్న రాజ్యమే. జనాభా ఇద్దరు. అధికార పక్షం నేను, ప్రతిపక్షం మా ఆయన. (ఆయన లెక్కలో ఇది తిరగబడి ఉంటుంది. ఆ సంగతి చివర్లో చూద్దాం.) పోయిన ఆదివారం ఈ రాజ్యంలో ఒక సంక్షోభం తలెత్తింది కాబట్టి, వాస్తవాలు ప్రజల ముందు పెట్టాల్సిన బాధ్యత నా మీద పడింది.

వాస్తవాలు ఇవి. కొత్త ఇస్త్రీపెట్టె వచ్చింది. అట్టపెట్టె విప్పి, ఇస్త్రీపెట్టెను తీసి పక్కన పడేశాను. దానికి చుట్టి ఉన్న బబుల్ ర్యాప్‌ను మాత్రం చంటిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా తీసుకుని, నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, మొదటి వరసలో ఎడమ చివరి బుడగతో మొదలుపెట్టాను. టప్. పక్కది. టప్. దీనికి నాకో పద్ధతి ఉంది. వరస మధ్యలో ఆపకూడదు, ఒక్క బుడగను కూడా దాటేయకూడదు. బొటనవేలితో నొక్కాలి కానీ పిండకూడదు. తొందరపడి పిండితే టప్ అనాల్సింది తుస్ అంటుంది. ఆ తుస్ ఎంత మనస్తాపమో పడ్డవాళ్లకే తెలుసు. ఐదో వరసలో ఉండగా తలెత్తి చూస్తే మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఇప్పటికీ చెప్పలేదు.

"పెళ్లై రెండేళ్లైంది, ఇంకా ఈ పిచ్చి పనులేంటి?" అన్నాడు.

పెళ్లికీ బుడగలకీ లింకేంటో నాకు అర్థం కాలేదు. పైగా ఆ వస్తువు పుట్టిందే ఒక పిచ్చి పనిలోంచి. 1957లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు ఇంజనీర్లు రెండు షవర్ కర్టెన్లను కలిపి అతికించి, మధ్యలో గాలిబుడగలు ఇరుక్కునేలా చేసి, దాన్ని వాల్‌పేపర్ అని గోడలకు అంటించడానికి అమ్ముదామనుకున్నారు. జనం కొనలేదు. మొక్కలు పెంచే గ్రీన్‌హౌస్‌లకు కప్పితే వెచ్చగా ఉంటాయన్నారు. అదీ పెద్దగా సాగలేదు. చివరికి కంప్యూటర్లు రవాణాలో పాడవకుండా చుట్టడానికి పనికొచ్చింది. అంటే ఇద్దరు ఎదిగిన మగవాళ్లు కూర్చుని షవర్ కర్టెన్లు అంటించుకుంటే అది ఆవిష్కరణ. వాళ్లు చేసిన బుడగలను నేను పగలగొడితే పిచ్చి.

మీకు తెలుసో లేదో, 2015లో నొక్కినా పగలని కొత్త రకం కూడా వచ్చింది. ఒక బుడగను నొక్కితే అందులోని గాలి పక్క బుడగలోకి జారుకుంటుందట. గోదాముల్లో చోటు కలిసొస్తుందని కారణం చెప్పారు. మన దగ్గరికి వచ్చిన పనిని పక్కవాడి మీదికి నెట్టేసే పద్ధతి ఆఫీసుల్లో ఎప్పటి నుంచో ఉంది. బుడగలకు కూడా అలవాటు చేసేశారన్నమాట.

అసలు గొడవ బుడగ దగ్గర లేదు. పెళ్లైన అమ్మాయి సంతోషంగా కనిపిస్తే, ఆ సంతోషానికి పక్కన ఇంకెవరో ఒకరు ఉండి తీరాలి. ఆయనకు ప్రమోషన్ వచ్చిందనో, చుట్టాలు వస్తున్నారనో, ఇంట్లో అందరూ కులాసా అనో. ఇవన్నీ మర్యాదస్తుల సంతోషాలు. వీటికి అనుమతి అక్కర్లేదు. ఎవరికీ ఏ లాభమూ లేకుండా, ఉత్తినే, మధ్యాహ్నం మూడింటికి ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాననుకోండి. "ఏమైంది? బానే ఉన్నావా?" అని నుదురు పట్టి చూస్తారు. మా ఆయన మాత్రం ఎవరు గెలిచారో ముందే తెలిసిన పాత మ్యాచ్‌ను మళ్లీ కూర్చుని చూస్తాడు, చూస్తూ టెన్షన్ కూడా పడతాడు. దాన్ని రిలాక్స్ అవడం అంటారు. బైకును రెండు గంటలు తుడిచి, చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మళ్లీ తుడవడాన్ని మెయింటెనెన్స్ అంటారు. పేర్లు పెట్టే శాఖ ఎవరి చేతిలో ఉందో కనిపెట్టాలి.

సరే, చట్టం ఏమంటుందో చూద్దాం. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అనుకూలంగా 48 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, 8 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. మొత్తం 30 అధికరణల్లో 24వది, విశ్రాంతికీ తీరికకూ ప్రతి ఒక్కరికీ హక్కుందని చెబుతుంది. ఆ తీరికను పనికొచ్చే పనికే వాడాలని ఎక్కడా లేదు. నేను రెండుసార్లు వెతికాను. మొదటి అధికరణ ముసాయిదాలో "పురుషులందరూ" అని ఉంటే, భారత ప్రతినిధిగా వెళ్లిన హంసా మెహతా పట్టుబట్టి "మానవులందరూ" అని మార్పించారు. ఆవిడ ఆ ఒక్క మాట దగ్గర సర్దుకుపోయి ఉంటే, ఈ రోజు దుప్పటి కేసులో నా తరఫున వాదించడానికి ఏమీ మిగిలేది కాదు.

దుప్పటి కేసుకు వర్తించేది 17వ అధికరణ. ఒంటరిగా కానీ, ఇతరులతో కలిసి కానీ ఆస్తి కలిగి ఉండే హక్కు అందరికీ ఉంది. మా దుప్పటి "ఇతరులతో కలిసి" అనే భాగంలోకి వస్తుందని మా ఆయన వాదన. కాదనను. రాత్రి పన్నెండు దాకా అది నిజమే. ఆ తర్వాత ఎప్పుడో అది "ఒంటరిగా" అనే భాగంలోకి మారుతుంది. బదిలీ నిద్రలో జరుగుతుంది కాబట్టి నా మీద కేసు నిలవదు. ఇంకో అభియోగం ఏమిటంటే, ఫ్యాన్ ఐదులో పెట్టుకుని దుప్పటి మెడ దాకా కప్పుకుంటానట. ఫ్యాన్ తగ్గించొచ్చు కదా, దుప్పటి తీసేయొచ్చు కదా అంటాడు. వాన పడుతుంటేనే కదండీ గొడుగుకు విలువ.

ఇక ఇంధన విధానం. ఈ అధ్యాయం మీద నాకు ప్రత్యేక శ్రద్ధ ఉంది. నా పాదాలు ఏ కాలంలోనైనా చల్లగానే ఉంటాయి. 1999లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక మంచి మాట చెప్పారు. చేతులూ పాదాలూ వెచ్చబడితే నిద్ర తొందరగా పడుతుందట. అక్కడి రక్తనాళాలు తెరుచుకుని, ఒంట్లో వేడి వాటి గుండా బయటికి పోతుందట, శరీరానికి అదే పడుకునే వేళ అయిందన్న కబురట. అంటే నా పాదాలకు వేడి కావాలన్నది గారాబం కాదు, సైన్సు. దగ్గర్లో ఉన్న వేడి నిల్వలు మా ఆయన పిక్కలు.

రాత్రి పదిన్నర అవుతుంది. లైటు ఆర్పేస్తాం. ఆయన ఫోన్ పక్కన పెట్టి, దిండును రెండు దెబ్బలు కొట్టి, అటు దొర్లి ఇటు దొర్లి చివరికి గోడ వైపు తిరిగి సర్దుకుంటాడు. ఊపిరి నెమ్మదిస్తుంది. నేను ఇంకో ఇరవై అంకెలు లెక్కపెడతాను. తొందరపడితే మజా ఉండదు. ఆ తర్వాత దుప్పటి అడుగున, చప్పుడు కాకుండా, ముందు ఎడమ పాదం, వెనకే కుడి పాదం తీసుకెళ్లి ఆయన రెండు పిక్కల మధ్య దోపుతాను.

"అబ్బా!"

ఆ కేకలో సగం నిద్ర, సగం కోపం, అడుగున కాస్త ఓటమి ఉంటాయి. రోజు మొత్తంలో నాకు బాగా నచ్చే శబ్దం అదే. బుడగ టప్‌మనడం దాని తర్వాతే. ఒక్క విషయం రికార్డుల్లో నమోదు చేయాలి. రెండేళ్లుగా ప్రతి రాత్రీ అరుస్తున్నాడు కానీ, ఒక్కసారి కూడా కాళ్లు వెనక్కి లాక్కోలేదు.

మొన్నామధ్య ఆఫీసు పని మీద మూడు రోజులు క్యాంపుకెళ్లాడు. వెళ్లిన గంటకే పిన్ని ఫోన్ చేసింది. "ఒక్కదానివే ఉన్నావటే? పాపం, ఎలా తోస్తుందే తల్లీ!" అంది. "ఏం తోస్తుంది పిన్నీ, ఇల్లంతా బోసిగా ఉంది" అన్నాను, గొంతులోకి నీరసం తెచ్చుకుని. ఆ మాట అంటున్నప్పుడు నేను మంచం మీద ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా పడుకుని ఉన్నాను. ఒక కాలు ఆయన దిండు మీద, రెండో కాలు గోడ మీద. ఫోన్ పెట్టేశాక సాయంత్రం దాకా నేను చేసిన పని ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేదు. రిమోట్ చేతిలో పట్టుకుని సోఫాలో కూర్చున్నాను. టీవీ పెట్టలేదు. రిమోట్ నా చేతిలో ఉండటమే ఆ రోజు కార్యక్రమం. ఫ్రిజ్ గుర్రుమని, ఓ నిమిషం ఆగి, మళ్లీ గుర్రుమంది. ఈ ఫ్రిజ్‌కి ఇలాంటి అలవాటు ఉందని కొన్న దగ్గర్నుంచి నాకు తెలీనే తెలీదు.

రెండో రోజు కూడా అలాగే వైభవంగా గడిచింది. రెండో రాత్రి వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకున్నాను. పాదాలు వెచ్చబడ్డాయి, బాసెల్ వాళ్ల లెక్కంతా సరిపోయింది. కానీ ఆ సంచి "అబ్బా" అనదు. రెండుసార్లు గట్టిగా తన్ని చూశాను. మూడో రోజు రాత్రి ఆయన వచ్చి, ఫ్రెష్ అయి, లైటు ఆర్పి, "బోర్ కొట్టిందా?" అని అడిగాడు. "చచ్చేంత" అన్నాను. ఇరవై లెక్కపెట్టడం అప్పటికే మొదలుపెట్టేశాను.

మిగతా అభియోగాలు చిల్లరవి. చేయాల్సిన పనుల జాబితాలో, చేసేసిన పనులను కూడా రాసి, వెంటనే కొట్టేస్తానని ఒకటి. అవును. "నిద్ర లేవడం" అని రాసి దాని మీద అడ్డగీత గీస్తే పొద్దున్నే ఒక పని అయిపోయినట్టుంటుంది. పూర్తైన పనుల కంటే మధ్యలో ఆగిపోయిన పనులే మనసులో బాగా నిలుస్తాయని 1927లో బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్ట్ రాసింది. మంచం మీద తడి తువ్వాలు పెళ్లైన మొదటి వారం నుంచీ నాకు జ్ఞాపకం ఉండటానికి కారణం బహుశా ఇదే. ఆయన బూడిద రంగు టీ షర్ట్ నా దగ్గర ఉందని ఇంకో అభియోగం. అది అరువు. ఉతికి ఉతికి మెత్తబడిన ఆ మెత్తదనం కొత్త బట్టలకు రాదు, దానికి ఒక మనిషి కొన్నేళ్లు తొడిగి ఇవ్వాలి. ఆ పని ఆయన చక్కగా చేశాడు. కొత్త ఫోన్ స్క్రీన్ మీద ప్లాస్టిక్ పొర ఒలిచే అధికారం నాదేనన్న విషయంలో మాత్రం చర్చకు తావు లేదు.

అద్దం సంగతి కొంచెం వివరించాలి. ఎవరైనా మనల్ని ఒక మాట అంటే, దానికి సరైన సమాధానం అప్పటికప్పుడు రాదు. వీడ్కోలు చెప్పి, మెట్లు దిగి, కిందికి చేరాక తడుతుంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ రచయిత దిదరోకు కూడా ఇదే ఇబ్బంది ఎదురైంది. ఫ్రెంచివాళ్లు దీన్ని మెట్ల మీది తెలివి అని పిలుస్తారు. మా ఇంట్లో మెట్లు లేవు, బాత్రూమ్ అద్దంతో సరిపెట్టుకుంటున్నాను. ఆరు నెలల కిందట ఒక ఫంక్షన్‌లో ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి "పెళ్లయ్యాక కాస్త లావయ్యావు కదూ?" అంది. ఆవిడకు చెప్పాల్సిన సమాధానం మొన్న గురువారం వచ్చింది. నోట్లో టూత్‌బ్రష్ ఉండగానే ఇచ్చేశాను. ఆవిడ తల వంచుకుని వెళ్లిపోయింది. మా ఆయనతో గొడవలన్నీ కూడా నేను అక్కడే తిరిగి విచారణకు తీసుకుంటాను. ఆయన తరఫున ఆయన గొంతుతో నేనే మాట్లాడతాను. ఆయన వాదన మరీ బలంగా లేకుండా చూసుకుంటాను. ఈ కోర్టులో ఇంతవరకు నేను ఒక్క కేసూ ఓడిపోలేదు. తలుపు కొట్టి "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంటే "నీతోనే" అంటాను. అది అబద్ధం కూడా కాదు.

ప్రజాస్వామ్య మర్యాద పాటించి ఈ పత్రాన్ని విడుదలకు ముందు ప్రతిపక్షానికి చూపించి, ఓటింగ్ పెట్టాను. అనుకూలంగా 1, వ్యతిరేకంగా ఏమీ లేదు, 1 ఓటింగ్‌కు దూరం. దూరంగా ఉన్న సభ్యుడు మంచం మీద పడుకునే ఒక అసమ్మతి నోట్ రాసి, దాన్ని యథాతథంగా జత చేయాలని డిమాండ్ చేశాడు. చేస్తున్నాను.

"ఒకటి. ఈ ఇంట్లో అధికార పక్షం ఎవరన్నది ఇంకా తేలలేదు.

రెండు. టీ షర్ట్ అరువు అన్నారు. ఎనిమిది నెలలైంది. నా పెళ్లికి ముందు నుంచి అది నాకున్న ఏకైక మంచి టీ షర్ట్.

మూడు. పిక్కల విషయంలో నన్ను ఎవరూ సంప్రదించలేదు. కాళ్లు లాక్కోకపోవడాన్ని అంగీకారం అనుకోరాదు. లాక్కుంటే వెతుక్కుంటూ వస్తాయి, అనుభవం మీద చెబుతున్నాను.

నాలుగు. ఇది రాస్తుండగానే వెనక నుంచి ఏదో చల్ల"

నోట్ అక్కడితో ఆగిపోయింది. చివరి అక్షరం మీద పెన్ను కొంచెం పక్కకి జారింది.