పేరు చెప్పని పెద్దమనిషి పెట్టెలోంచి

బైబిల్ పురావస్తు రంగంలో అందరికంటే ఎక్కువ కనిపెట్టినవాడు పేరు చెప్పడానికి ఇష్టపడని ఓ పెద్దమనిషి. "బైబిల్ నిజమని తేల్చేసిన పురాతన ఆధారం" అంటూ ఎర్ర బాణం గుర్తు, మూడు ఆశ్చర్యార్థకాలతో ఫోన్లోకి వచ్చి పడుతుంది కదా, అది ఎక్కడ దొరికిందో వెతికి చూడండి. "ఒక ప్రైవేటు సేకరణ నుంచి." అంతే. ఊరు లేదు, గుంట నంబరు లేదు, తవ్విన తేదీ లేదు. సంబంధం కలుపుకునే ముందు ఏడు తరాలు ఆరా తీసే మనం, రెండువేల ఏళ్ల వస్తువుని మాత్రం ఎవరి తాలూకు అని అడగం.

ఔత్సాహికుల సౌకర్యార్థం మృత సముద్రపు గ్రంథపు చుట్ట (ఆ సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన రెండువేల ఏళ్లనాటి బైబిల్ రాతప్రతులకి ఆ పేరు) తయారీ విధానం ఇస్తున్నాను. ముందు పాత తోలు సంపాదించాలి. కొత్తదైతే కార్బన్ పరీక్షలో దొరికిపోతారు. రోమన్ల నాటి చెప్పు తోలు శ్రేష్ఠం. అరచేతిలో పట్టే ముక్క చాలు. పెద్దది తీసుకుంటే ఎక్కువ రాయాలి, ఎక్కువ రాస్తే ఎక్కువ తప్పులు. ఆదికాండంలోంచి నాలుగు మాటలు ఎక్కించి, సిరా ఆరకముందే మృత సముద్రం దగ్గరి మట్టి చల్లి, పైన జంతువుల జిగురు పూయండి. తేనెరంగు నిగారింపు దానంతటదే వస్తుంది.

బెడిసికొట్టేది పగుళ్ల దగ్గర. అసలు లేఖకుడు నున్నటి చర్మం మీద రాశాడు, పగుళ్లు తర్వాత వచ్చాయి, కాబట్టి పగులుతోపాటు అక్షరమూ విరగాలి. మీ తోలు ముందే పగిలి ఉంది. సిరా ఆ సందుల్లోకి దిగుతుంది, చిరిగిన అంచు మీదుగా కారుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టగానే కథ ముగిసినట్టే. వాషింగ్టన్‌లో 2017లో తెరిచిన బైబిల్ మ్యూజియంలో జరిగింది అదే. 2018లో 5 ముక్కలు నకిలీవని తేలాయి. 2020కి మొత్తం 16 ముక్కలూ నకిలీవే. ఒకదాంట్లో వరసగా చిల్లులున్నాయి, అచ్చం రోమన్ల చెప్పుకి ఉన్నట్టే. అంటే అంత ఖర్చు పెట్టి, అన్ని దీపాలు వెలిగించి, జనాన్ని అద్దం ముందు వరసలో నిలబెట్టి చూపించింది బహుశా చెప్పు ముక్క.

ఇంకో మార్గం ఉంది గానీ మహా చాదస్తం. తవ్వడం. 5 మీటర్ల చదరాలు గీసి, మధ్యమధ్య మీటరు గట్టు వదిలి, ఆ గట్టు గోడలో మట్టి పొరలు చదువుకుంటూ దిగాలి. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త వీలర్ మనవాళ్లకి నేర్పింది ఇదే. ఆయన దగ్గర పని నేర్చుకున్న కాథ్లీన్ కెన్యన్ 1952లో యెరికోకి పట్టుకెళ్లింది. బైబిల్ చెప్పినట్టు యెహోషువ కాలంలో కూలిన గోడ ఇదేనని 1930ల్లో అక్కడే తవ్విన గార్‌స్టాంగ్ చాటిన గోడ దాదాపు వెయ్యేళ్లు పాతదని తేల్చింది. పొరలకి మొహమాటం తెలియదు.

అవే పొరలు 1993లో ఉత్తర ఇజ్రాయెల్‌లోని తేల్ దాను దగ్గర మరోలా మాట్లాడాయి. గోడలో ఇరుక్కున్న నల్లరాయి మీద ఎండ ఏటవాలుగా పడితే, సర్వేయరు గీలా కుక్‌కి అక్షరాలు కనబడ్డాయి. అరామిక్ అనే పాత భాషలో "దావీదు వంశం" అని, అంటే బైబిల్లోని దావీదు రాజు పేరు, ఉంది. ఆ శాసనాన్ని ఎవరో పగలగొట్టి మామూలు రాయిలా గోడలో పెట్టేశారు. ఆ గోడ క్రీ.పూ. 733-732లో అష్షూరు సైన్యం మిగిల్చిన శిథిలాల కింద ఉంది. అంటే శాసనం అంతకంటే పాతది. నకిలీ అన్నవాళ్లూ లేకపోలేదు. వాళ్లకి గోడే జవాబు. మరుసటి ఏడాది ఇంకో రెండు ముక్కలూ దొరికాయి.

2002లో "యేసు సోదరుడు యాకోబు" అని రాసి ఉందంటూ లోకాన్ని ఊపేసిన ఎముకల పెట్టెకి ఆ భాగ్యం లేదు. 1978 తర్వాత బయటపడ్డ పురావస్తువు ఇజ్రాయెల్ చట్టం ప్రకారం ప్రభుత్వానిది. యజమానిగారు దాన్ని కొన్నది 1970ల్లోనట, ఏం ముందుచూపు! నకిలీ చేశాడన్న ఆరోపణని 2012లో కోర్టు కొట్టేసింది. అలాగని రాత అసలుదని తేలినట్టు కాదనీ చెప్పింది. అది ఏ సమాధిలో ఉండేదో, పక్కన ఏమేం ఉన్నాయో తెలిసుంటే ఇన్నేళ్ల కోర్టు గొడవ దేనికి?

ఇరాక్ సంగతికొస్తే నవ్వు రాదు. వాషింగ్టన్ బైబిల్ మ్యూజియం స్థాపకుల వ్యాపార సంస్థ హాబీ లాబీ 2010లో 16 లక్షల డాలర్లు పోసి రాత ఉన్న మట్టి పలకలు వగైరా 5,500 పైచిలుకు పురాతన వస్తువులు కొంది. ఇరాక్‌లో దోచినవి కావచ్చని నిపుణులు ముందే హెచ్చరించారు. అయినా పార్సిళ్ల మీద "టైల్స్ శాంపిల్" అని రాయించుకుని తెప్పించారు. 2017లో 30 లక్షల డాలర్లు కట్టి బయటపడ్డారు. దొంగకి కావలసింది రాసి ఉన్న పలక ఒక్కటే. పక్కనున్న కుండపెంకు, బొగ్గు, ఖర్జూర గింజ పారతో ఎగదోసి పారేస్తాడు. ఆ పలక కాలం చెప్పేవి అవే! కొనేవాడు చెక్కుబుక్కు పట్టుకుని కూర్చోకపోతే అర్ధరాత్రి పార పట్టేదెవడు? దొంగిలకూడదని ఆజ్ఞాపించిన గ్రంథానికి గౌరవమట, దానికి దొంగసొత్తు కొనుగోలట. సిగ్గుండాలి.

2018లో దాదాపు 3,800 వస్తువులు ఇరాక్‌కి తిరిగి చేరాయి. వాటిలో చాలా పలకలు ఇరిసాగ్రిగ్ అనే ప్రాచీన పట్టణానివి. ఆ పట్టణం ఎక్కడుండేదో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. దొంగలకి తెలుసు.