గోడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్ళు స్కూలు చూస్తారు, ఈశాన్యం చూస్తారు, లాండ్రీ గది సాకెట్‌కి ఎన్ని కన్నాలున్నాయో మాత్రం చూడరు. నేనూ చూడలేదు. అపార్ట్‌మెంట్ నుంచి బట్టలారబెట్టే డ్రయ్యర్‌ని జాగ్రత్తగా ట్రక్కెక్కించి డల్లాస్ తెచ్చాక తెలిసింది, దాని ప్లగ్గుకి నాలుగు కాళ్ళు, మా గోడకి మూడే కన్నాలని. రెండూ 240 వోల్టులే, 30 ఆంప్సే, అయినా మాటల్లేవు.

దీనికో చరిత్ర ఉంది, కాస్త భక్తిగా వినండి. పాత పద్ధతిలో రెండు కరెంటు వైర్లు, ఒక న్యూట్రల్ (కరెంటు వెనక్కి వెళ్ళే వైరు), అంతే. ఎర్త్‌కి వేరే వైరు లేదు కాబట్టి డ్రయ్యర్ బాడీని న్యూట్రల్‌కే కట్టేశారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా ఊడిందంటే బాడీకే కరెంటొస్తుంది, తడి చేత్తో తలుపు తీసినవాడి పని అయిపోయినట్టే. అందుకని 1996 నాటి అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ (వైరింగ్ నిబంధనలు) నుంచి కొత్త ఇళ్ళకి నాలుగో వైరు తప్పనిసరి చేశారు. పాత ఇళ్ళని మాత్రం, ముసలాళ్ళు ఇక మారరులే అన్నట్టు, వాటి మానాన వదిలేశారు. మాది 1992 ఇల్లు.

ఊళ్ళో నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే "వైర్లు దోపి అగ్గిపుల్లలు గుచ్చరా, మన మోటారు పదేళ్ళు అట్లాగే ఆడింది" అన్నారు. మా బావ ఇంజనీరు కాబట్టి నాలుగో కాలు రంపంతో కోసేయమన్నాడు. కోసినా లాభం లేదు బావా, గోడవి ఏటవాలు కన్నాలు, మనవి నిటారు కాళ్ళు!

అసలు మార్గం ఏమిటంటే, గోడ జోలికి పోకుండా డ్రయ్యర్ వెనక మూత విప్పి మూడు కాళ్ళ ప్లగ్గున్న వైరు బిగించాలి, న్యూట్రల్‌నీ బాడీనీ కలిపే చిన్న పట్టీని మళ్ళీ తగిలించాలి. అంటే ఏ ముడి ప్రమాదమని కోడ్ విప్పించిందో, ఆ ముడినే కోడ్ అనుమతితో మళ్ళీ వేయాలి. ఇంత లోతైన వేదాంతం నాకు చేతకాక ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే శుక్రవారం వస్తానన్నాడు.

ఈలోగా తడిబట్టలు. బయట ఆగస్టు ఎండ, వంద డిగ్రీల ఫారెన్‌హీట్, ఫ్రీ, ప్లగ్గు లేదు. కానీ పెరట్లో బట్టలారేస్తే కాలనీ అందం చెడుతుందని మా అసోసియేషన్ రూలు. సరే, గరాజ్‌లో అటొక మేకు, ఇటొక మేకు కొట్టి దండెం కట్టాం, గాలి కోసం తలుపు సగం ఎత్తిపెట్టాం.

గురువారం నోటీసొచ్చింది. నా లుంగీ రోడ్డుకి కనిపిస్తోందట.