బావ, బూట్లు, భువనగిరి

రిటైరయ్యాక మా బావకి కొండలెక్కే పిచ్చి పట్టుకుంది. ఎక్కితే ఎక్కాడు, దానికో షరతు కూడా పెట్టుకున్నాడు. కొండ దాకా కారులో వెళ్ళకూడదు. బస్సో, రైలో, మెట్రోనో దొరికితేనే బయల్దేరడం. పెట్రోలు దండగంటాడు, పార్కింగ్ గొడవంటాడు, దిగొచ్చాక వణికే కాళ్ళతో క్లచ్ తొక్కలేమంటాడు. మొదటి రెండూ పైకి చెప్పే కారణాలు. అసలైంది మూడోది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఈ షరతు అంత కష్టమేమీ కాదు. 1591లో కులీ కుతుబ్ షా మూసీ పక్కన ఊరు కట్టాడు గానీ, కాస్త బయటికొస్తే ఎటు చూసినా రాతిగుట్టలే. గోల్కొండకి సిటీ బస్సుంది. మౌలాలి గుట్ట దగ్గరికి ఇప్పుడు ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా వస్తోంది. కింద ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి సమాధి చూసుకుని నింపాదిగా మెట్లెక్కొచ్చు. ఖాజాగూడ రాళ్ళకి రాయదుర్గంలో మెట్రో దిగి ఆటో ఎక్కాలి. చెట్ల నీడలో నడవాలంటే రైల్లో వికారాబాద్ వెళ్ళి, అక్కణ్ణుంచి అనంతగిరి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. వానలు వెనకబట్టాక వెళ్తే ప్రాణం లేచొస్తుంది.

మా బావకి మాత్రం ప్రతిదాంట్లో ఒక వంక దొరుకుతుంది. "గోల్కొండలో ఎక్కుడు తక్కువ, చప్పట్లు ఎక్కువ" అంటాడు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని అందరికీ తెలుసు కదా. ఆదివారం పూట అందరూ ఒకేసారి ఆ సంగతి పరీక్షిస్తుంటారు. అనంతగిరి అంతా మట్టిబాటట. "నా బూట్లకి మట్టి కాదు, రాయి కావాలె" అన్నాడు.

ఆ బూట్ల సంగతి చెప్పాలి. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఉద్యోగంలో చేరిన కొత్తలో తెచ్చిన ట్రెక్కింగ్ బూట్లవి. ఇప్పుడు వాడి కూతురు మూడో తరగతి చదువుతోంది. ఇన్నేళ్ళూ అవి డబ్బాలోంచి తీయకుండా, మీద రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, సజ్జ మీద భద్రంగా పడున్నాయి. దసరాకి దుమ్ము దులిపేటప్పుడు దింపి, ఒకసారి కళ్ళారా చూసుకుని, మళ్ళీ పైకెక్కించేవాడు. మా ఇంట్లో అంత గౌరవం పొందిన తోలువస్తువు ఇంకోటి లేదు.

రాయి కావాలంటే భువనగిరే. ఊరి నడుమ ఐదొందల అడుగుల పైచిలుకు ఎత్తున ఒకే ఒక్క రాయి. దాని మీద కోట. కళ్యాణి చాళుక్యుల రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించాడంటారు. ఊరికి పేరూ ఆయన నుంచే వచ్చిందట. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్ళే లైన్లో భువనగిరి స్టేషనుంది. మేం మాత్రం ఉప్పల్ దాకా మెట్రో, అక్కణ్ణుంచి బస్సు అనుకున్నాం. యాదగిరిగుట్టకీ హనుమకొండకీ వెళ్ళే బస్సులన్నీ అటే కదా. ఊళ్ళోకి వెళ్తుందా, బయట్నుంచే పోతుందా అని ఎక్కేముందు కండక్టర్ని అడిగితే చాలు.

బావ ఎక్స్‌ప్రెస్ బస్సే ఎక్కాలన్నాడు. దానికీ లెక్కుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో అయితే అక్క ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవచ్చు. కండక్టర్ అక్కకి టికెట్ కొట్టిచ్చి, బావ కాళ్ళకేసి చూసి, "ఏడికి సార్, హిమాలయాలకా?" అన్నాడు. బావ అది పొగడ్తే అనుకున్నాడు. బీబీనగర్ దాటేదాకా ఆ కాలు నడిదారిలోకి చాపే ఉంచాడు, వచ్చేపోయేవాళ్ళ కంట పడాలని.

గుట్ట కింద టికెట్లు తీసుకుని ఎక్కడం మొదలుపెట్టాం. చలికాలం చివర, ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పక్కనున్న బండ మీద కొందరు పిల్లలు తాళ్ళు కట్టుకుని పాకుతున్నారు. బావ ఆగి ఉపన్యాసం అందుకున్నాడు. "2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఉంది చూడు, గురుకులం బడి పిల్ల, అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలే. శిక్షణ ఎక్కడనుకున్నవ్? ఇగో, ఈ రాయి మీదనే." అంటూ తన బూటుతో ఆ రాయిని టకటకా కొట్టి చూపించాడు.

అదే దెబ్బ అయ్యుంటుంది.

మొదటి దర్వాజా ఇంకా రాకముందే వెనకనుంచి చప్ చప్‌మని చప్పుడు. తిరిగి చూస్తే ఎడమ బూటు మడమ దగ్గర నోరు తెరిచింది. బావ వంగి నొక్కాడు. నొక్కిన చోట సోలు మైసూర్‌పాక్‌లా పొడిపొడిగా రాలింది. మేమెక్కొచ్చిన మెట్ల మీద బూడిదరంగు నలుసులు వరసగా పడున్నాయి. పైన తోలు నిగనిగలాడుతోంది, లేసు ముడి చెక్కుచెదరలేదు, కింద మాత్రం ఏమీ లేదు.

"గమ్ము ఊడింది, అంతే" అన్నాడు బావ. అక్క పులిహోర డబ్బాకి వేసిన రబ్బరు బ్యాండ్లు తీసిచ్చింది. రెండడుగులకే తెగి ఎటో ఎగిరిపోయాయి. నా చేతిరుమాలు కట్టాం. ఆ రాయి నున్నటిది, గుడ్డ కట్టిన కాలు పెడితే సర్రున జారుతోంది. ఇంతలో కుడి బూటు కూడా తన సోలు వదిలేసుకుంది. జోడు కదా మరి.

అప్పుడే హవాయి చెప్పులేసుకున్న ఒక ముసలమ్మ, చంకలో మనవణ్ణేసుకుని మమ్మల్ని దాటుతూ, "చెప్పు తెగిందా బిడ్డా? ఉత్త కాళ్ళతోని ఎక్కకు, బండ కాల్తది" అని జాలిపడి, ఆయాసం కూడా లేకుండా పైకి వెళ్ళిపోయింది. బావ ముఖం చూడలేకపోయాను.

చివరికి దర్వాజా నీడలో చతికిలబడ్డాడు. "మీరు పోయి రాండ్రి. నేనీడ కూసుంట. రాజుల కాలంల కాపలావాళ్ళు కూడా ఈడనే కూసుండేటోళ్ళు" అన్నాడు. బూట్లు రెండూ పక్కన నీటుగా పెట్టుకుని, ఊడిన సోళ్ళు వాటి ముందు పేర్చుకున్నాడు.

పైన చూడాల్సింది చాలానే ఉంది. పాడుబడిన కోట గోడలు, ఫిరంగులు, రాతిలో వాననీళ్ళు నిలిచే గుంటలు. అన్నిటికంటే ఆ గాలి! అంచు దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడితే ఊరంతా కాళ్ళ కింద ఉంటుంది. అక్క తన రోజువారీ చెప్పులతోనే చివరిదాకా ఎక్కి, పులిహోర తింటూ కింద ఉన్న బావకి ఫోన్ చేసి, "గాలి మస్తుగ కొడ్తుందండీ" అని చెప్పింది. అవతల నుంచి జవాబు రాలేదు. ఎవరితోనో "అట్ల కాదమ్మా, నేను..." అంటున్నాడు, అంతలో కట్టయింది.

దిగొచ్చి చూస్తే సంగతి బోధపడింది. బావ పక్కన ఇప్పుడు ఒక జత కాదు, ఓ పాతిక జతలున్నాయి. కాలేజీ పిల్లల గుంపొకటి వచ్చిందట. దర్వాజా దగ్గర ఒక పెద్దాయన ముందు బూట్లు పెట్టుకుని బుద్ధిగా కూర్చోవడం చూసి, పైన గుడి ఉందనుకుని, చెప్పులు ఇక్కడే విడవాలి కాబోలని వరసగా విడిచేశారు. "అంకుల్, టోకెన్?" అని ఒకమ్మాయి అడిగితే బావ నోరు తెరిచేలోపే, "టోకెన్ లేదటనే, పెద్దాయనకి గుర్తుంటయ్ లే" అని ఇంకో అమ్మాయి బావ చేతిలో పది రూపాయలు పెట్టి వెళ్ళిపోయింది. వాళ్ళని చూసి వెనకొచ్చిన రెండు కుటుంబాలవాళ్ళూ విడిచారు.

"మరి ఆగమని చెప్పలేకపోయావా బావా?"

"చెప్పేలోపల పోయిండ్రు. ఉత్త కాళ్ళతోని ఎన్క పడ్తనా?"

"అయితే పోదాం పా."

"ఎట్ల పోతం? పైసలు తీసుకున్న కదా" అన్నాడు, చాలా సీరియస్‌గా. మా బావ ట్రెజరీ ఆఫీసులో పనిచేశాడు. అప్పజెప్పిన సొత్తు వదిలి లేవడమంటే ఆయన ఒంటికి పడదు.

మిట్టమధ్యాహ్నం దాకా కాపలా కాశాం. పిల్లలు కాలిన పాదాలతో గెంతుకుంటూ దిగొచ్చారు. పైన అందరూ చెప్పులేసుకునే తిరుగుతున్నారని వాళ్ళకప్పటికే అర్థమైంది. ఎవరూ ఏమీ అనలేదు గానీ, పది రూపాయలిచ్చిన అమ్మాయి మాత్రం బావకేసి అదోలా చూసింది. ఆయన ఆ నోటు వెనక్కివ్వబోయాడు. "వద్దులే అంకుల్, మీ బూట్లు కుట్టించుకోండి" అంది.

బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన ఆ బూటు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "కుట్టేదేం లేదు సార్. పీయూ సోలు, ఒక తీరు ప్లాస్టిక్. గాలిల తేమ పీల్చుకుని లోపలికెళ్ళి పొడి అయితది. ఏస్కున్నా ఏస్కోకున్నా ఆగదు. మూట గట్టి సజ్జ మీద పెట్టిండ్రా?" బావ ఏమీ మాట్లాడలేదు. "ఎక్కేముందు బొటనవేలుతోని గట్టిగ నొక్కి చూడాలె సార్, పగుళ్ళుంటే ఆడనే ఇడిశిపెట్టాలె" అని, కొత్త సోలేస్తే ఎంతవుతుందో చెప్పాడు. ఆ డబ్బుతో మా ముగ్గురికీ చెప్పులొస్తాయి. బావ పక్క దుకాణంలో నీలం పట్టీల హవాయి చెప్పులు కొనుక్కుని బస్సెక్కాడు. ఈసారి కాలు నడిదారిలోకి చాపలేదు.

రాత్రి డాలస్ నుంచి వీడియో కాల్ వచ్చింది. "ఎట్లున్నయ్ డాడీ షూస్?"

బావ మా వైపు చూడకుండా, "సూపర్‌రా. బరువే తెల్వలే" అన్నాడు.

"చెప్పిన కదా! సేల్ నడుస్తుంది, ఇంకో జత ఆర్డర్ పెడ్తున్నా."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అక్క తలెత్తకుండా అంది. "బూట్లు వద్దుగానీ బిడ్డా, నంబర్లేసిన టోకెన్లు దొరికితే ఒక పాతిక పంపు."