చీజుకి మేస్త్రీ పని

చీజ్ అన్న మాటకి మన నిఘంటువులు "జున్ను" అని రాసి చేతులు దులుపుకున్నాయి. గొడవంతా అక్కడే మొదలైంది. జున్నంటే ఈనిన గేదె తొలిరోజుల పాలలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించేది. పసుపుపచ్చగా, నలుచదరంగా ఉండి, వంచితే వంగి వదిలితే లేచే ఇరవై గ్రాముల ముక్కకి ఆ పేరు పెట్టడం గేదె జాతికి పరువునష్టం. కాబట్టి ఇక్కడ దాన్ని చీజ్ అనే పిలుద్దాం. ముద్దాయిని సొంత పేరుతో పిలవడం న్యాయం.

ఆరోపణ చిన్నదే. విశాఖలో జగదాంబ దగ్గరైనా గాజువాకలోనైనా బ్రెడ్ ఆమ్లెట్ బండి ముందు నిలబడితే చాలు, అట్లకాడ ఆగుతుంది, "చీజెయ్యమంటారేటండీ?" అన్న ప్రశ్న వస్తుంది. వద్దన్నవాణ్ణి పిసినారిలా, వెయ్యమన్నవాణ్ణి అమెరికా అల్లుడిలా చూడటం రివాజైంది. ఈ విషయంలో నగరానికి ఒక స్పష్టమైన విధానం అవసరం.

ముందు పూర్వాపరాలు. 1972లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో హెర్బ్ పీటర్సన్ అనే మెక్‌డొనాల్డ్స్ నిర్వాహకుడు, గుండ్రటి రొట్టె మధ్య గుడ్డు పెట్టిన ఎగ్ మెక్‌మఫిన్‌ని దుకాణంలో పెట్టాడు. ఆయనకి ఎగ్స్ బెనెడిక్ట్ అంటే, రొట్టె మీద గుడ్డు పెట్టి ఇచ్చే పలహారమంటే, ఇష్టం. దాని మీద వెన్న, గుడ్డు సొన, నిమ్మరసం కలిపి గిలకొట్టిన హాలండేజ్ సాస్ పోస్తారు. అది వేడి కాస్త ఎక్కువైతే విరిగిపోతుంది, చేత్తో పట్టుకుంటే మోచేతి దాకా కారుతుంది. దాని స్థానంలో చీజ్ ముక్క వచ్చింది. అంటే చీజ్ అక్కడ కాంట్రాక్టు ఉద్యోగి. సాస్ సెలవు పెట్టిన కుర్చీలో కూర్చుంది, యాభై ఏళ్లు దాటినా లేవలేదు. గుడ్డు కోసం గుండ్రటి రింగు చేయించారు, రొట్టె ఎలాగూ గుండ్రమే. చీజ్ మాత్రం నలుచదరంగానే మిగిలింది. మూలలు బయటికి వేలాడుతూ కాగితానికి అంటుకోవడం ఆనాటి నుంచీ ఉన్న సంప్రదాయం.

కాబట్టి రుచి కోసమని చీజ్ వేయించుకునేవారు అడ్రసు తప్పారు. దాని పని మేస్త్రీ పని: గుడ్డుకీ రొట్టెకీ మధ్య సిమెంటు. ప్రాసెస్డ్ చీజ్‌ని తయారుచేసిందే అందుకు. చీజ్ తురిమి, సోడియం సిట్రేట్‌లాంటి లవణం కలిపి కాస్తారు. ఆ లవణం పాల ప్రొటీన్‌ని పట్టుకున్న కాల్షియాన్ని లాగేస్తుంది. అప్పుడా ప్రొటీన్ నూనెనీ నీటినీ రెండింటినీ పట్టుకుని నునుపుగా కరుగుతుంది. లవణం కలపని ముదురు చెడ్డార్ చీజ్‌ని నేరుగా పెనం మీద వేసి చూడండి, నూనె ఓ పక్క, బంకముద్ద ఓ పక్క. ఉమ్మడి కుటుంబం విడిపోయినట్టే.

ఇక మన బండ్ల దగ్గర జరుగుతున్న నేరాలు. సిమెంటుని గోడకి బయట పూయడం మొదటిది. ఆమ్లెట్ మడిచి, రొట్టె మూసి, పైన చల్లటి చీజ్ ముక్క పరిచి ఇస్తున్నారు. రొట్టె నిండా గాలి గదులు, వేడి పైకి రాదు. ముక్క కరగదు, జారుతుంది. చీజ్ ఎప్పుడూ గుడ్డు మీదే పడాలి. రెండు గుడ్లకి ఒక్క ముక్క. చీజ్‌లో ఉప్పు ఉంది కనుక గుడ్లలో వేసే ఉప్పు సగానికి తగ్గాలి. ఆమ్లెట్ పైభాగం ఇంకా కాస్త తడిగా మెరుస్తున్నప్పుడు ముక్క పరిచి, పైన రొట్టె అదిమి, సన్న సెగ మీద అర నిమిషం మూత పెట్టాలి. అంచులు మెత్తబడి రొట్టెని పట్టుకుంటే దించెయ్యడమే. అంతకు మించి ఉంచితే చీజ్ పెనం మీదికి దిగి, నీరు ఇగిరి, మాడి, తర్వాత వచ్చినవాడి ఆమ్లెట్‌కి నల్ల చుక్కలై అంటుకుంటుంది. టమాటా ముక్కలు గుడ్డుకీ చీజుకీ మధ్యన పెట్టారో, ఆ నీటి మీద సిమెంటు నిలవదు. మొదటి కొరుకుడుకే ఆమ్లెట్ చొక్కా మీదికి వలస వస్తుంది.

ముక్క మీది ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోవడం కొనేవాడి ప్రాథమిక బాధ్యత. పొద్దున ఐదున్నర చీకట్లో అది కనపడదు.

పార్శిల్ సంగతి వేరు. స్టీల్ ప్లాంటులో ఆరింటి షిఫ్టుకి పరిగెత్తేవారు రేకులో చుట్టించుకుని బస్సెక్కుతారు. లోపలి ఆవిరికి రొట్టె నాని అట్టముక్క అవుతుంది, చల్లారిన చీజ్ తోలవుతుంది. కూర్మన్నపాలెం దాటి విప్పేసరికి చేతిలో ఉండేది టిఫిన్ కాదు, చెప్పుల దుకాణం సరుకు. అటువంటివారు చీజ్ మానేసి ఓ పచ్చిమిర్చి ఎక్కువ వేయించుకోవడం ఉత్తమం.

మిర్చి అన్నాం కాబట్టి, అసలు అభ్యంతరం ఇదీ. మిరపకాయ ఘాటు కొవ్వులో కరుగుతుంది, పాల ప్రొటీన్ మిగిలినదాన్ని పట్టేస్తుంది. మూడు పచ్చిమిరపకాయలు తరిగి వేయించుకుని పైన చీజ్ పరిపించుకోవడమంటే, అగ్గిపుల్ల గీసి వెంటనే ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యడం. రెంటికీ డబ్బులు మనమే కట్టాలి.

బ్రెడ్ ఆమ్లెట్ దాకా సర్దుకుందాం. పెసరట్టు మీదికి వస్తేనే అది ఆక్రమణ. పెసరట్టుకి అతుకు అక్కర్లేదు, అల్లం, జీలకర్ర, ఉల్లిపాయ దానిలోనే కూర్చుని ఉంటాయి. పైన చీజ్ పడిందా, కరకరలాడాల్సిన అంచు ఆవిరికి మెత్తబడుతుంది, అల్లం వాసన మూతపడుతుంది, పక్కన అల్లప్పచ్చడి నిరుద్యోగి అవుతుంది. దోసె మీద తురిమి పోసేది మరీ అనుమానాస్పదం. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో "అనలాగ్" అని ఉంటే, పాల కొవ్వు స్థానంలో సాధారణంగా పామాయిల్ కూర్చుని ఉంటుంది. కాంట్రాక్టు ఉద్యోగి తన బదులు బామ్మర్దిని పంపినట్టు.

వెరసి, గుడ్డుకీ రొట్టెకీ మధ్య, మూత కింద, అక్కడే నిలబడి తినేవాడికి మాత్రమే చీజ్ వెయ్యవచ్చు. మడత విప్పాక కాగితానికి అంటుకున్న ఆ మూల ముక్కని అటూ ఇటూ చూసి గోటితో గీకి తినే హక్కు మాత్రం, వద్దన్నవాడితో సహా అందరికీ యథాతథంగా కొనసాగుతుంది.