నవ్వించి మోసం చేశారు

గే పాత్రలున్న సినిమాకి కూర్చునే ముందు నేను రెండు రుమాళ్లు దగ్గర పెట్టుకుంటాను. అది మర్యాద. అలాంటి పాత్ర తెర మీదికి వచ్చిందంటే వాన పడాలి, వయొలిన్ ఏడవాలి, ఆఖరి రీలుకి ఎవరో ఒకరు పోవాలి. అవేవీ లేకుండా నలుగురు స్నేహితులు కూర్చుని, ఒకడు తన గుట్టు తనే విప్పితే, మిగతావాళ్లు "ఓస్, ఇంతేనా" అని నవ్వేస్తే, జాలి పడదామని వచ్చిన నా గతేం కాను?

పాతవాళ్లకి పద్ధతి తెలుసు. తెర మీద ఏం చూపించకూడదో చెప్పే హేస్ కోడ్ అనే నియమావళి 1934 నుంచి గట్టిగా అమలై, హాలీవుడ్‌లో ఆ ఊసే ఎత్తనివ్వలేదు. 1961లో కాస్త సడలించారు. ఆ ఏడాదే వచ్చిన 'ది చిల్డ్రన్స్ అవర్'లో బడి నడిపే ఒకావిడ స్నేహితురాలి మీద తనకున్న ప్రేమని ఒప్పుకుని, ఆ తర్వాత ఉరేసుకుంటుంది. మా మనోభావాలు క్షేమం.

1997లో 'ఇన్ అండ్ ఔట్' వచ్చి అంతా చెడగొట్టింది. రేపో మాపో పెళ్లి కావాల్సిన ఒక ఇంగ్లీషు సారు గే అని, పాత శిష్యుడు ఆస్కార్ అందుకుంటూ లోకమంతటికీ చెప్పేస్తాడు. పాపం, సారుకే ఆ సంగతి ఇంకా తెలీదు. 1994లో టామ్ హాంక్స్ ఆస్కార్ వేదిక మీద తన డ్రామా టీచర్‌ని తల్చుకోవడమే ఈ కథకి మూలం. గురుభక్తి ఎంత పని చేస్తుందో చూశారా!

సారు కంగారుపడి, మగతనం నేర్పే కేసెట్ ఒకటి పెట్టుకుంటాడు. మగవాళ్లు డాన్స్ చెయ్యరని కేసెట్ గద్దిస్తుంది. పాట మొదలవుతుంది. సారు కాసేపు బిగబట్టుకుంటాడు. ఎక్కడో ఓ కదలిక. ఇంకోటి. ఆపైన మనిషి ఆగడు. ఇన్నాళ్లూ సినిమాల్లో అలాంటి నడుం కదిలితే ఆ నడుముని చూసి నవ్వేవాళ్లం. ఇక్కడ నవ్వు కేసెట్ మీదికి మళ్లింది. ఆ గొంతు అచ్చం నా గొంతులాగే ఉండటం కాకతాళీయం.

2000లో వచ్చిన 'ది బ్రోకెన్ హార్ట్స్ క్లబ్' మరీ అన్యాయం. అందులో గే మిత్రబృందానికి ఉన్న బాధలేంటయ్యా అంటే ప్రేమలు, బ్రేకప్‌లు, ఒక సాఫ్ట్‌బాల్ జట్టు. అవి నాక్కూడా ఉన్నాయి, జట్టు తప్ప. ఇక జాలి ఎవరి మీద పడాలి?

భాషకీ ద్రోహమే. మనకి 'బయటపడటం' అంటే గుట్టు రట్టవడం, గండం గట్టెక్కడం కూడా. ఈ సినిమాలవాళ్లు మొదటి అర్థంతో మొదలెట్టి రెండోదాంట్లో తేలుతున్నారు.

ఆ సారు తల్లినే తీసుకోండి. కొడుకు గే అయితే అయ్యాడు, పెళ్లి తప్పిపోవడం మాత్రం ఆవిడ తట్టుకోలేదు. చివరికి పెళ్లి జరుగుతుంది. ఆవిడకే, మొగుడితోనే, రెండోసారి! విందులో అందరూ డాన్సే. నా రుమాళ్లు రెండూ పొడిగా మడత పెట్టినట్టే ఉన్నాయి. కాలు మాత్రం ఎందుకో తాళం వేస్తోంది. కేసెట్‌కి చెప్పకండి.